అప్‌డేట్ ఎక్కాక వెనక్కి దారి ఉందా?

ఉబుంటు సర్వర్‌ని పెట్టింది పెట్టినట్టు వదిలేస్తే, భద్రతకు సంబంధించిన ప్యాకేజీలను అదే ఎక్కించుకుంటుంది. ఆ పని చేసే టైమర్ పొద్దున ఆరింటికి లేస్తుంది. లోకంలోని సర్వర్లన్నీ ఒకేసారి డౌన్‌లోడ్‌కి ఎగబడకుండా, ఆరు నుంచి ఏడు లోపు ఎప్పుడో ఒకప్పుడు మొదలయ్యేలా దాన్ని అటూ ఇటూ జరిపి ఉంచారు. ఆ వేళకి ఎవరూ పనిలో ఉండరని లెక్క. కానీ చాలా సర్వర్లలో గడియారం యూటీసీలో నడుస్తుంది. యూటీసీలో ఆరంటే మనకు పదకొండున్నర. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కౌంటర్ల ముందు జనం బారులు తీరి ఉన్నప్పుడే పోస్ట్‌గ్రెస్ కొత్త ప్యాకేజీ దిగుతుంది, డేటాబేస్ రీస్టార్ట్ అవుతుంది, తెరిచి ఉన్న కనెక్షన్లన్నీ తెగిపోతాయి. మామూలుగా అయితే కొన్ని క్షణాల్లో మళ్లీ లేస్తుంది. తెగిన కనెక్షన్‌ని మళ్లీ కలుపుకోవడం అప్లికేషన్‌కి చేతనైతే ఎవరూ గమనించరు. చేతకాకపోతే ఫోన్లు మొదలవుతాయి.

అలా ఒకసారి చేయి కాలినవాళ్లు వెంటనే ప్యాకేజీకి తాళం వేస్తారు. డెబియన్, ఉబుంటుల్లో 'హోల్డ్', రెడ్‌హ్యాట్ వైపు 'వెర్షన్‌లాక్'. వేళ మన చేతిలో ఉండాలనుకోవడంలో తప్పులేదు. తాళం వేసినవాళ్లు మళ్లీ తీయరు, అదీ బాధ. ఉద్యోగం మారిపోతారు, కొత్తగా వచ్చినవాళ్లకి తాళం ఉందన్న సంగతే తెలియదు. పైగా నడుస్తున్నదాన్ని కదపొద్దన్నది మన ఐటీ ఆఫీసుల్లో రాయని శాసనం. డేటాబేస్ విషయంలో ఆ శాసనం సగమే నిజం. ఏ సగం నిజమో తేల్చుకోవాలంటే, కదిపాక వెనక్కి రాగలమా లేదా అన్నది ఒక్కో రకం అప్‌డేట్‌కి విడిగా చూడాలి. ఎక్కించే కమాండ్ ఎక్కడైనా ఒకటి రెండు లైన్లే. తేడా అంతా తిరుగుదారిలోనే ఉంది.

పోస్ట్‌గ్రెస్‌లో చిన్న అప్‌డేటూ పెద్ద అప్‌డేటూ పేరుకే చుట్టాలు. 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి లెక్క తేలికైంది. చుక్కకి ముందున్న అంకె మారితే పెద్దది, తర్వాతది మారితే చిన్నది. 16.3 నుంచి 16.4కి వెళ్లడమంటే ప్రోగ్రామ్ ఫైళ్లు మార్చి రీస్టార్ట్ చేయడమే, డిస్క్ మీద డేటా ఫైళ్ల రూపం మారదు. ఇబ్బంది వస్తే పాత ప్యాకేజీ మళ్లీ ఎక్కించి వెనక్కి రావడం చాలావరకు కుదురుతుంది. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరుల్లో ఇవి వస్తాయి. ఒక్కో పెద్ద వెర్షన్‌ని ఐదేళ్లు చూసుకుంటారు. రీస్టార్ట్‌కి ముందు చేత్తో ఒక చెక్‌పాయింట్ కొట్టి ఉంచితే, ఆపేటప్పుడు డిస్క్‌కి రాయాల్సింది తక్కువ మిగిలి, ఆగడం లేవడం చకచకా అయిపోతాయి. ఇది డీబీఏలకి అలవాటుగా తెలిసిన సంగతే, అయినా రాతలో ఉన్న ప్రొసీజర్లలో తరచూ కనబడదు. ఇంకోటి: ప్యాకేజీ దానంతటది రీస్టార్ట్ చేయనిచోట, డిస్క్ మీద కొత్త ప్రోగ్రామ్ ఉన్నా మెమరీలో పాతదే నడుస్తూ ఉంటుంది. ప్యాకేజీల జాబితాలో 16.4 అని చూసుకుని నిశ్చింతగా ఉంటారు. డేటాబేస్‌లోకి వెళ్లి సర్వర్ వెర్షన్ అడిగితే అది 16.3 అంటుంది.

మరి చిన్న అప్‌డేట్ వచ్చిన రోజే ఎక్కించేయాలా? రెండు వైపులా సాక్ష్యాలున్నాయి.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో చెప్పడానికి 2013 ఏప్రిల్ చాలు. డేటాబేస్ పేరు ఉండాల్సిన చోట హైఫన్‌తో మొదలయ్యే పేరు ఇస్తే, సర్వర్ దాన్ని పేరుగా కాకుండా కమాండ్ లైన్ ఆప్షన్‌గా తీసుకునేది. ఆ దారిన డేటా డైరెక్టరీలోని ఫైళ్లను పాడుచేయొచ్చు. పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు, పోర్టు అందితే చాలు. మరమ్మతు బయటికి రాకముందే ఎవరైనా కోడ్ చదివి కన్నం కనిపెడతారేమోనని, పోస్ట్‌గ్రెస్ బృందం తమ బహిరంగ కోడ్ భాండాగారాన్నే కొన్నాళ్లు మూసిపెట్టింది. ఓపెన్ సోర్స్ వాళ్లు అలా చేయడం అరుదు. వారం ముందే ప్రకటించి, ఏప్రిల్ 4న 9.2.4ను, దాంతోపాటు పాత శాఖలకూ మరమ్మతులను విడుదల చేశారు. ఆ రోజున వెర్షన్‌లాక్ వేసి కూర్చున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోవచ్చు. లినక్స్ కథ కాకపోయినా 2003 జనవరి 25నాటి స్లామర్ పురుగునూ ఇక్కడే చెప్పుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ అంతకు ఆరు నెలల ముందే మరమ్మతు ఇచ్చింది. ఎక్కించుకోనివాళ్ల యంత్రాలు దాదాపు 75 వేలు, వాటిలో చాలావరకు పది నిమిషాల్లోనే, దాని బారిన పడ్డాయి.

తొందరపడితే ఏమవుతుందన్నదానికీ ఉదాహరణలు కొల్లలు. 2024 నవంబరు 14న వచ్చిన 17.1లోనూ, అదే రోజు వచ్చిన మిగతా శాఖల అప్‌డేట్లలోనూ, లోపలి నిర్మాణం ఒకదాని పరిమాణం మారింది. పాత పరిమాణాన్ని నమ్ముకుని తయారైన కొన్ని ఎక్స్‌టెన్షన్లకి అది సరిపడలేదు. వాటిలో టైమ్‌స్కేల్‌డీబీ పేరు బాగా వినబడింది. వారం తిరిగేసరికి, 21న, 17.2 వచ్చింది. 2025 ఫిబ్రవరిలోనూ అంతే. 13న భద్రతా మరమ్మతుతో 17.3 వచ్చింది, ఆ మరమ్మతే తెచ్చిన కొత్త తప్పును దిద్దుతూ 20న 17.4 వచ్చింది. మైఎస్‌క్యూఎల్ వైపు 2024 జులైలో 8.0.38, 8.4.1, 9.0.0 మూడూ ఒకేసారి బయటికొచ్చాయి. పదివేలకు మించి టేబుళ్లున్న సర్వర్‌ని రీస్టార్ట్ చేస్తే ఈ మూడూ కుప్పకూలేవి. పదివేల టేబుళ్లు ఎవరికుంటాయి అనిపించొచ్చు. ఒక్కో కస్టమర్‌కి ఒక్కో డేటాబేస్ విడగొట్టే హోస్టింగ్ కంపెనీలకి అది పెద్ద సంఖ్య కాదు. ఆ మూడింటినీ వెనక్కి తీసుకుని, అదే నెలలో దిద్దిన వెర్షన్లు ఇచ్చారు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. బయటి నెట్‌వర్క్ నుంచి దూరగలిగే కన్నమైతే ఆ రాత్రే ఎక్కించాలి. కాకపోతే వారం పది రోజులు ఆగడం పిరికితనం కాదు, విడుదలలోనే దొర్లిన తప్పులు చాలావరకు ఆ వ్యవధిలో బయటపడతాయి. మూడు నెలలు ఆగితే మాత్రం దాన్ని జాగ్రత్త అనలేం. తర్వాతి అప్‌డేట్ వచ్చేసి ఉంటుంది, ఇది ఎటూ కాకుండా పోతుంది.

చిన్న అప్‌డేట్ల గురించి ఇంకో మాట. 2022 జూన్‌లో పోస్ట్‌గ్రెస్ 14.4 వేళకాని వేళ వచ్చింది. టేబుల్‌ని ఆపకుండా ఇండెక్స్ కట్టే 'కాంకరెంట్లీ' పద్ధతిలో 14.0 నుంచి 14.3 దాకా తప్పుంది, కట్టిన ఇండెక్స్‌లో కొన్ని వరుసలు చేరకుండా పోయేవి. 14.4 ఎక్కిస్తే ఇకపై కట్టే ఇండెక్సులు బాగుంటాయి. అప్పటికే పాడైనవి మాత్రం పాడైనట్టే ఉంటాయి, వాటిని మళ్లీ కట్టాలి. ఈ సంగతి రిలీజ్ నోట్స్‌లో స్పష్టంగా రాశారు. అది చదవకుండా ప్యాకేజీ ఒక్కటే ఎక్కించినవాళ్ల దగ్గర సాఫ్ట్‌వేర్ బాగుపడింది, డేటాబేస్ బాగుపడలేదు.

మైఎస్‌క్యూఎల్‌లో చిన్న అంకె చాలాకాలం చిన్నది కాదు. 2018 ఏప్రిల్‌లో 8.0 వచ్చాక, తప్పులు దిద్దే విడుదలల్లోనే కొత్త సదుపాయాలూ కలిపి ఇస్తూ పోయారు. 8.0.16 నుంచి సర్వర్ లేస్తూనే లోపలి సిస్టమ్ టేబుళ్లన్నిటినీ కొత్త రూపానికి మార్చేసుకుంటుంది. సౌకర్యమే. కానీ అలా మారాక 5.7కే కాదు, 8.0లోనే ఒక మెట్టు కిందికి దిగడానికి కూడా అధికారికంగా దారిలేదు. 8.0.38 ఎక్కించి ఇరుక్కున్నవాళ్లకి ముందుకు పరుగెత్తడమో, బ్యాకప్ నుంచి తెచ్చుకోవడమో తప్ప మూడో గతి లేదు. ఈ విధానంపై విమర్శలు ముదిరాక, కొత్త సదుపాయాల వరుసనీ నిలకడ వరుసనీ 2023లో విడదీశారు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 8.4 నిలకడ వరుసలో మొదటిది. అందులో ఆ వరుస లోపల కిందికి దిగే వెసులుబాటు ఉంది.

ఒరాకిల్ సంగతి వేరు. అమీర్‌పేటలో డీబీఏ కోర్సు చేసినవాళ్లెవరికీ ఓప్యాచ్ కొత్త కాదు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లో ప్యాచ్‌లు వస్తాయి. పాత ఒరాకిల్ హోమ్‌ని ముట్టుకోకుండా పక్కన కొత్త హోమ్ పెట్టి, డేటాబేస్‌ని అందులోకి మార్చే పద్ధతి ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. డబ్బు తీసుకుంటున్నందుకైనా తిరుగుదారి గురించి వాళ్లు కాస్త ఆలోచించారనే చెప్పాలి. హోమ్ మార్చాక డేటాప్యాచ్ నడపడం మరిస్తే డేటాబేస్ లోపలి సగం పాతగానే ఉండిపోతుంది. ఆడిట్‌లో ఎక్కువగా దొరికేది అదే.

ఇక పెద్ద అప్‌డేట్. పోస్ట్‌గ్రెస్‌లో మూడు దారులున్నాయి. మొదటిది డేటా అంతా డంప్ తీసి కొత్త వెర్షన్‌లో పోయడం. చిన్న డేటాబేస్‌కి ఇంతకు మించిన భద్రమైన దారి లేదు, పాతది చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. టెరాబైట్లలోకి వెళ్లాక గంటలు పడుతుంది. రెండోది పీజీ అప్‌గ్రేడ్. 2010లో 9.0తోపాటే వచ్చిన ఈ సాధనం డేటా ఫైళ్లను ముట్టుకోకుండా చుట్టూ ఉన్న కేటలాగ్‌ని మాత్రమే కొత్తగా రాస్తుంది. 'చెక్' ఆప్షన్‌తో ముందు ఉత్తుత్తిగా నడిపి చూసుకోవచ్చు. 'లింక్' ఆప్షన్‌తో ఫైళ్లను కాపీ చేయకుండా హార్డ్ లింకులు పెడితే పెద్ద డేటాబేస్ కూడా నిమిషాల్లో మారుతుంది. ఆ వేగానికి మూల్యం ఉంది. లింక్ పద్ధతిలో మార్చి కొత్త సర్వర్‌ని ఒక్కసారి లేపారంటే పాతదాన్ని ఇక వాడకూడదు, రెండింటి కిందా ఉన్నవి ఒకే ఫైళ్లు. చాలామంది పాత డైరెక్టరీ అలాగే కనబడుతోంది కదా అని దాన్ని బ్యాకప్ కింద జమ కడతారు. అంతకంటే ప్రమాదకరమైన ధీమా ఈ పనిలో ఇంకోటి లేదు.

మూడోది లాజికల్ రెప్లికేషన్. 10వ వెర్షన్ నుంచి లోపలే ఉంది. కొత్త వెర్షన్ సర్వర్‌ని పక్కన నిలబెట్టి, పాతదానిలో జరిగే మార్పులన్నీ అందులోకి ప్రవహించేలా చేసి, ఒక రాత్రి అప్లికేషన్‌ని అటు తిప్పడం. డౌన్‌టైమ్ క్షణాలకి దిగుతుంది. మెచ్చుకోవాల్సింది అంతకంటే ఇంకోటి: తిప్పాక కొత్తదాని నుంచి పాతదానికి ఎదురు ప్రవాహం పెట్టొచ్చు, రెండ్రోజుల తర్వాత తేడా వచ్చినా డేటా పోకుండా వెనక్కి రావచ్చు. పని ఎక్కువ. సీక్వెన్సులు, టేబుల్ మార్పులు వాటంతటవి అటు వెళ్లవు, చేత్తో చూసుకోవాలి. గిట్‌హబ్ 1,200కు పైగా మైఎస్‌క్యూఎల్ సర్వర్లను 5.7 నుంచి 8.0కి మార్చినప్పుడు ఇలాంటి ఎదురు ప్రవాహాన్నే నమ్ముకుంది. ఆ పనికి ఏడాదికి పైగా పట్టింది. ఫేస్‌బుక్‌కి 5.6 నుంచి 8.0కి రావడానికి కొన్నేళ్లు పట్టింది. మైఎస్‌క్యూఎల్‌లో వాళ్లు సొంతంగా చేసుకున్న మార్పులే 1,700 దాకా ఉండటం ఒక కారణం.

మారిన రాత్రి అన్నీ సవ్యంగా ఉన్నట్టే ఉండి, తెల్లారి లోడ్ పెరగ్గానే డేటాబేస్ ముక్కుతూ మూలుగుతూ ఉంటే ముందుగా అనుమానించాల్సింది గణాంకాలను. ఏ ప్రశ్నకి ఏ దారిన వెళ్లాలో ప్లానర్ తేల్చుకునేది వాటిని చూసే. పీజీ అప్‌గ్రేడ్ వాటిని పాతదానిలోనే వదిలేసేది. 'అనలైజ్' నడిపేదాకా ప్లానర్ గుడ్డిగా పోతుంది. 2025 సెప్టెంబరులో వచ్చిన 18లో గాని ఈ లోటు చాలావరకు తీరలేదు. అదే 18లో డేటా చెక్‌సమ్‌లు మామూలుగానే ఆన్ అయి వస్తాయి. చెక్‌సమ్‌లు లేని పాత క్లస్టర్ నుంచి మారబోతే రెండూ పొంతన కుదరక పీజీ అప్‌గ్రేడ్ మొరాయిస్తుంది. అసలు సర్వరే లేవని సందర్భాలూ ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్ 12కి వచ్చాక పాత రికవరీ కాన్ఫ్ ఫైలు డైరెక్టరీలో మిగిలి ఉంటే సర్వర్ లేవనంటుంది. మైఎస్‌క్యూఎల్ 8.0లో క్వెరీ క్యాష్‌నే తీసేశారు కాబట్టి సెట్టింగుల ఫైల్లో దాని లైను ఒక్కటి మిగిలినా అంతే. ఇవి నిజానికి మంచి తప్పులు. లాగ్ తెరిస్తే కారణం మొదటి పదిలైన్లలోనే ఉంటుంది.

బ్యాకప్ ఉంది కదా అనేవాళ్లు గిట్‌ల్యాబ్ 2017 జనవరి 31 సంగతి వివరంగా చదవాలి. ఆ రాత్రి ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీని తుడిచేశాడు. దాదాపు 300 జీబీ. డంప్ బ్యాకప్‌ల కోసం చూస్తే అక్కడ ఏమీ లేవు. డేటాబేస్ ఎప్పుడో 9.6కి మారింది. బ్యాకప్ తీసే మెషీన్లో మాత్రం 9.2 కాలంనాటి పీజీ డంప్ నడుస్తోంది. తనకంటే కొత్త సర్వర్ నుంచి పాత పీజీ డంప్ డేటా తీయదు, ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. ఆ ఎర్రర్ మెయిల్‌గా వెళ్లింది, సంతకం సరిగ్గా లేదని మెయిల్ సర్వర్ దాన్ని తిరగ్గొట్టింది. చివరికి వేరే పనికోసం ఎవరో ఆరు గంటల ముందు తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్ వాళ్లను ఆదుకుంది. ఆ ఆరు గంటల డేటా పోయింది. తుడిచేసిన చేయి అందరికీ గుర్తుంది. నాకు మాత్రం అసలు తప్పు వెర్షన్ మారిన రోజే జరిగిందనిపిస్తుంది. సర్వర్‌ని మార్చి, దాన్ని తాకే చిన్నాచితకా పనిముట్లను మార్చలేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ డేటాబేస్ పేరుతో వచ్చే అప్‌డేట్లు. వీటన్నిటికంటే నాకు భయం కలిగించేది డేటాబేస్‌ని ఎవరూ ముట్టుకోకుండా వచ్చేది. 2018 ఆగస్టు 1న గ్లిబ్‌సీ 2.28 విడుదలైంది. చాలా లినక్స్‌లలో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ అది. అక్షరాల వరుసక్రమాన్ని చెప్పే పట్టికలను అందులో అంతర్జాతీయ ప్రమాణానికి తగ్గట్టు తిరగరాశారు. ఆ తర్వాతి ఏడాది రెడ్‌హ్యాట్ 8, డెబియన్ 10 దాంతోనే వచ్చాయి.

మీ సర్వర్ మీదే చూసుకోవచ్చు. '1-1', '11' అని రెండు లైన్లు రాసి, అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్‌లో సార్ట్ కమాండ్‌కి ఇవ్వండి. పాత గ్లిబ్‌సీలో 11 ముందొస్తుంది, 1-1 తర్వాత. కొత్తదానిలో 1-1 ముందు, 11 తర్వాత. అంతే తేడా. పోస్ట్‌గ్రెస్ మామూలుగా వరుసక్రమం కోసం గ్లిబ్‌సీనే అడుగుతుంది. డిస్క్ మీదున్న ఇండెక్స్ పాత వరుసలో పేర్చి ఉంది, వెతికేవాడు కొత్త వరుసలో వెతుకుతున్నాడు. అకారాది మారిపోయిన నిఘంటువులో పాత అలవాటుతో పేజీలు తిప్పినట్టు. రికార్డు టేబుల్‌లో ఉంటుంది, క్వెరీకి దొరకదు. లేదనుకుని యూనీక్ ఇండెక్స్ రెండోసారి చేర్చనిస్తుంది. ఒకే ఇన్‌వాయిస్ నంబరు రెండుసార్లు ఉంటుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ పడదు. నెలల తర్వాత డంప్ తీసి మళ్లీ పోసేటప్పుడు డూప్లికేట్ అని ఆగుతుంది. అప్పుడు వెనక్కి వెళ్దామన్నా ఎక్కడికని వెళ్తారు?

కాస్త తెలివిగా చేద్దామనుకున్నవాళ్లే దీనిలో ఎక్కువ పడ్డారు. పాత డెబియన్ మీద ప్రైమరీని ఉంచి, కొత్త డెబియన్ మీద స్టాండ్‌బై కట్టి, ఒక రాత్రి దానికి పట్టం కట్టడం పైకి చక్కటి పద్ధతిలాగే ఉంటుంది. స్ట్రీమింగ్ రెప్లికేషన్ ఇండెక్స్‌ని బైట్లకు బైట్లుగా మోసుకొస్తుంది, పాత వరుసతో సహా. మందు ఒక్కటే, టెక్స్ట్ కాలమ్‌ల మీదున్న ఇండెక్సులన్నీ కొత్త యంత్రం మీద తిరిగి కట్టడం. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి డేటాబేస్ పుట్టినప్పటి వరుసక్రమం వెర్షన్ గుర్తుపెట్టుకుని, తేడా వస్తే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికతోపాటే వెర్షన్‌ని రిఫ్రెష్ చేసే కమాండ్ కూడా సూచిస్తుంది. ఇండెక్సులు కట్టకుండా ఆ కమాండ్ ఒక్కటే కొడితే హెచ్చరిక మాయమవుతుంది, రోగం మిగిలిపోతుంది. అలా కొట్టినవాళ్లు తక్కువేం లేరు.

ఈ బెడద అక్కర్లేదనుకుంటే 'సీ' లొకేల్ ఉంది, 17 నుంచి పోస్ట్‌గ్రెస్ లోపలే ఉండే వరుసక్రమం ఉంది. ఇవి అక్షరాల కోడ్ సంఖ్యలను బట్టి పేరుస్తాయి, గ్లిబ్‌సీ ఎన్నిసార్లు మారినా కదలవు. ఇండెక్సుల వరకు నేను దీనికే ఓటేస్తాను. తెలుగు పేర్లున్న జాబితాలకి మాత్రం ఒక ఇబ్బంది ఉంది. యూనికోడ్‌లో ఱ రకారం పక్కన, ళ లకారం పక్కన, రెండూ వకారానికి ముందే కూర్చున్నాయి. మన వర్ణమాలలో అవి హకారం దాటాక వస్తాయి. కాబట్టి కోడ్ సంఖ్యల వరుసలో కళావతి ముందు, కవిత తర్వాత. లైబ్రరీ జాబితానో ఓటర్ల జాబితానో అచ్చు వేసేటప్పుడు ఇది చూసినవాడికి తప్పుగానే కనబడుతుంది. ఇండెక్స్‌ని కోడ్ వరుసలో ఉంచి, తెరమీద చూపేటప్పుడు మాత్రమే భాషకి తగ్గ వరుస అడగడం దీనికి సరైన మార్గం.

కంటైనర్లతో ఈ తిప్పలు తప్పాయనుకుంటే పొరపాటే. ఆల్పైన్ ఆధారంగా ఉన్న పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌లో అసలు గ్లిబ్‌సీయే లేదు, మజిల్ అనే వేరే లైబ్రరీ ఉంది. ఇమేజ్ చిన్నదని డెబియన్ నుంచి ఆల్పైన్‌కి మార్చి, అదే వాల్యూమ్ తగిలిస్తే వరుసక్రమం మారినట్టే. ట్యాగ్‌లో పెద్ద అంకె మాత్రమే రాసి ఊరుకుంటే కింద డెబియన్ మారినా మనకు తెలియదు, అందుకే డెబియన్ పేరు కూడా ట్యాగ్‌లో రాయాలి. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న డేటాబేస్‌కి ఎక్కించే చాకిరీ వాళ్లదే. గడువు దాటిన వెర్షన్‌ని పట్టుకు వేలాడితే అమెజాన్ ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ పేరుతో ప్రాసెసర్ గంటల లెక్కన అదనంగా వసూలు చేస్తుంది. మేనేజర్లను కదిలించడంలో భద్రతా హెచ్చరికల కంటే ఆ బిల్లే బాగా పనిచేస్తోంది.

గడువుల లెక్కలో పోస్ట్‌గ్రెస్ 13కి 2025 నవంబరు, మైఎస్‌క్యూఎల్ 8.0కి 2026 ఏప్రిల్ చివరి నెలలు. వీటిలో రెండోదే ఎక్కువమందికి తగిలేది. 8.4కి వెళ్లేవాళ్లు ముందుగా యూజర్ టేబుల్ తెరిచి, ఎన్ని ఖాతాలు ఇంకా పాత 'నేటివ్ పాస్‌వర్డ్' ప్లగిన్ మీదున్నాయో చూసుకోవాలి. 8.4లో అది మామూలుగా ఆఫ్ అయి ఉంటుంది, 9.0లో పూర్తిగా తీసేశారు. పాత పీహెచ్‌పీ అప్లికేషన్లు, ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన రిపోర్ట్ స్క్రిప్టులు సాధారణంగా దానిమీదే ఉంటాయి. వాటి డ్రైవర్లను కొత్తవాటికి మార్చడం 8.0 మీద ఉండగానే చేయొచ్చు. ఒక్కో ఖాతాను కొత్త పద్ధతికి మార్చి, తేడా వస్తే ఆ ఖాతాను అప్పటికప్పుడు వెనక్కి తిప్పొచ్చు.